జర్మనీలో కొత్త ఊరు, అద్దె ఇల్లు: సిక్కోలు, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అడ్మిషన్ వచ్చింది, వీసా వచ్చింది, టికెట్ కూడా కొన్నారు. ఉండేది ఎక్కడ? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చదువుకో, ఉద్యోగానికో జర్మనీ బయల్దేరే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ అడిగే ప్రశ్నలన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి. 2023-24 విద్యా సంవత్సరంలో అక్కడి యూనివర్సిటీల్లో చదివిన భారతీయులు 49 వేలకు పైనే. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్ల గుంపే పెద్దది. అక్టోబరు వచ్చేసరికి అందరూ అవే గదుల కోసం పోటీ పడతారు. ఇంకో సంగతి, ఆ దేశంలో సగానికి పైగా జనం అద్దె ఇళ్లలోనే ఉంటారు, అంటే పోటీలో వాళ్లూ ఉంటారు.

ఇక్కడ ఉండగానే గది ఖాయం చేసుకోవాలా, వెళ్లాక వెతుక్కోవాలా?

రెండూ. హాస్టల్‌కి ఇక్కడి నుంచే దరఖాస్తు పెట్టేయాలి. ప్రతి యూనివర్సిటీ ఊళ్లోనూ ష్టుడీరెండెన్‌వెర్క్ అనే సంస్థ ఉంటుంది. ప్రభుత్వ హాస్టళ్లు దాని చేతిలోనే ఉంటాయి. అద్దె బయటి కన్నా బాగా తక్కువ, మోసం భయం లేదు. క్యూ మాత్రం పెద్దది. మ్యూనిక్ లాంటి ఊళ్లలో సెమిస్టర్లకు సెమిస్టర్లే గడిచిపోతాయి. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే ఆన్‌లైన్‌లో పేరు పెట్టండి. కొన్ని చోట్ల లెటర్ రాకముందే పెట్టనిస్తారు, అది వాళ్ల సైట్‌లో చూసుకోండి.

ప్రైవేటు గది అలా కాదు. చూడకుండా సంవత్సరం ఒప్పందం మీద సంతకం పెట్టడం నాకు నచ్చని పని. ముందు ఒకటి రెండు నెలలకు తాత్కాలికంగా ఏదైనా చూసుకుని, అక్కడ ఉంటూ, తిరిగి చూసి, అసలు గది పట్టుకోవాలి. ఇంటర్న్‌షిప్‌కో, సెలవులకో వేరే ఊరు వెళ్లే విద్యార్థులు తమ గదిని ఆ కొన్ని నెలలకు ఇస్తుంటారు. దాన్ని త్స్విషెన్‌మీటె అంటారు. కొత్తగా దిగేవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు. మంచం, గిన్నెలు కూడా ఉంటాయి.

ఎప్పుడు బయల్దేరాలి?

చాలా యూనివర్సిటీల్లో శీతాకాలం సెమిస్టర్ అక్టోబరు 1న మొదలవుతుంది. క్లాసులు చాలా చోట్ల నెల మధ్యలో మొదలవుతాయి. విజయనగరం వాళ్లకు ఇక్కడో చిక్కు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం కదా, "అది చూసుకుని వెళ్తాడులెండి" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఆ వారంలోనే అక్కడ మిగిలిన నాలుగు గదులూ అయిపోతాయి. వీసా తేదీ ఒప్పుకుంటే సెప్టెంబరు మొదట్లో దిగడం మేలు.

శనివారం రాత్రి, ఆదివారం దిగేలా టికెట్ తీసుకోవద్దు. ఆదివారం కొట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. పెద్ద రైల్వేస్టేషన్లు, పెట్రోలు బంకుల లాంటి చోట్ల తప్ప పాలప్యాకెట్ కూడా దొరకదు.

అన్‌మెల్డుంగ్ అంటే ఏమిటి? దాని గురించి అందరూ ఎందుకంత టెన్షన్ పడతారు?

ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఆ ఊరి పౌర కార్యాలయానికి వెళ్లి "నేను ఈ చిరునామాలో ఉంటున్నాను" అని నమోదు చేయించుకోవడం. దేశంలో ఉండే అందరికీ, జర్మన్లకు కూడా ఇదే నియమం. పాస్‌పోర్టుతో పాటు ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన ఒక ధ్రువపత్రం కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పలకడం రాకపోయినా పర్వాలేదు, అడగడం మరిచిపోవద్దు. అద్దె ఒప్పందం కాగితం చూపిస్తే సరిపోదు. 2015 నవంబరు నుంచి ఈ పత్రం తప్పనిసరి.

దీని మీద ఆధారపడినవి చూడండి. పన్ను నంబరు ఈ చిరునామాకే పోస్టులో వస్తుంది. అది లేకపోతే పార్ట్‌టైమ్ జీతంలో కూడా ఎక్కువ పన్ను కోసేస్తారు. వీసా గడువు ముగిసేలోపు రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలంటే ఇది కావాలి. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ఏడాది ఖర్చులు ముందే వేసి ఉంచే ఖాతా) వేసిన డబ్బు నెలనెలా విడుదల కావడానికి కొన్ని సంస్థలు, ఖాతా తెరవడానికి కొన్ని బ్యాంకులు దీన్నే అడుగుతాయి. ఇక్కడ ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు విడివిడిగా చేసే పనులు అక్కడ ఈ ఒక్క కాగితం దగ్గర మొదలవుతాయి. అందుకే ఏ గది చూసినా అద్దె ఎంతని అడగడానికి ముందే "అన్‌మెల్డుంగ్ చేయించుకోవచ్చా?" అని అడగాలి.

బెర్లిన్ లాంటి పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ రెండు వారాల్లో దొరకదు. గడువులోపు అపాయింట్‌మెంట్ బుక్ చేసుకున్నట్టు ఆధారం ఉంచుకుంటే మామూలుగా ఇబ్బంది పెట్టరు. ఉదయాన్నే సైట్ తెరిచి చూస్తూ ఉంటే ఎవరో వదులుకున్నవి కనిపిస్తాయి.

ఫారంలో మతం అడుగుతారు, ఊసుపోక అడిగింది కాదు. రోమన్ కాథలిక్ అనో, అక్కడి ప్రొటెస్టెంట్ చర్చి సభ్యులనో నమోదైతే ఆదాయపు పన్నుపై రాష్ట్రాన్ని బట్టి 8 లేదా 9 శాతం చర్చి పన్ను పడుతుంది. హిందువులకు, ముస్లింలకు అది ఉండదు. మన జిల్లాల్లో క్రైస్తవ కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

తక్కువ అద్దెకు గది ఉంది, కానీ అన్‌మెల్డుంగ్ కుదరదంటున్నారు. తీసుకోవచ్చా?

వారం పది రోజులకైతే సరే. అంతకు మించితే వద్దు. ఆ మాట అన్నారంటే చాలాసార్లు అసలు ఓనరుకి తెలియకుండా గది ఇస్తున్నారని అర్థం. ఓనరుకి తెలిసిన రోజు మీ పెట్టె రోడ్డు మీద ఉంటుంది.

ఇంకో రకం ఉంది. "మీరు ఎక్కడైనా ఉండండి, చిరునామా నేనిస్తా, ఇంత కట్టండి" అంటారు. ఆ ఇంట్లో ఉండకుండా అక్కడ నమోదు చేయించుకోవడం చట్టవిరుద్ధం. అలా చిరునామా అమ్మేవాళ్లకు 50 వేల యూరోల దాకా జరిమానా ఉంది. మీ పర్మిట్ ఫైలు మీద కూడా మచ్చ పడుతుంది.

ప్రకటనలో రెండు అద్దెలు కనిపిస్తున్నాయి. ఏది కట్టాలి?

కాల్ట్‌మీటె అంటే ఉత్త గది అద్దె. వార్మ్‌మీటెలో నీళ్లు, చెత్త, మెట్లు తుడిచే ఖర్చు, ఎక్కువగా హీటింగ్ కూడా కలిసి ఉంటాయి. మీరు కట్టేది వార్మ్. దాని పైన కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు విడిగా ఉంటాయి. హీటింగ్‌కి నెలనెలా కట్టేది అంచనా మొత్తం మాత్రమే. ఏడాదికోసారి లెక్క చూసి ఎక్కువ వాడితే మిగతాది కట్టమంటారు. జనవరిలో కిటికీ ఓరగా తెరిచి రేడియేటర్ ఐదు మీద, అంటే ఫుల్లుగా, పెట్టి పడుకునేవాళ్లకు ఆ లెక్క వచ్చిన రోజు తెలుస్తుంది.

మనం డబుల్ బెడ్‌రూమ్ అంటే రెండు పడకగదులు, పైన హాలు. అక్కడ "2 త్సిమ్మర్" అంటే హాలుతో కలిపి రెండే గదులు. వంటగది, బాత్రూమ్ లెక్కలోకి రావు. ఖాళీ ఇల్లు తీసుకుంటే వంటగదిలో స్టవ్, సింకు కూడా ఉండకపోవచ్చు, పాతవాళ్లు పీకి తీసుకెళ్తారు. సీలింగ్ నుంచి వైర్లు వేలాడుతుంటాయి. కాబట్టి ప్రకటనలో వంటగది ఉందని రాసి ఉందో లేదో చూడండి. పాత అద్దెదారు వంటగదిని మీకే అమ్ముతానంటే బేరమాడొచ్చు, ఆ మాత్రం మనకి వచ్చిన విద్యే.

అడ్వాన్స్ ఎంత అడుగుతారు?

చట్టం ప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటె మించకూడదు. దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది, మొదటిది ఇంట్లో చేరేటప్పుడు. చాలామందికి ఈ సంగతి తెలియక ఇక్కడ బంగారం తాకట్టు పెట్టి మొత్తం ఒకేసారి పంపిస్తుంటారు. ఓనరు ఆ డబ్బును తన సొంత డబ్బుతో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాలి.

జీతం స్లిప్పు లేదు, షూఫా లేదు. మాకెవరు ఇస్తారు?

శ్రీకాకుళంలో టు-లెట్ బోర్డు చూసి, పక్క కిరాణా కొట్టులో వాకబు చేసి, ఓనరు ముందు కూర్చుంటే "ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకా?" అని అడుగుతారు. కులం అడుగుతారు, నీచు వండుతారా అని అడుగుతారు. జర్మనీలో ఓనరుకి అవేవీ అక్కర్లేదు. నెలనెలా డబ్బు వస్తుందా, కాగితం చూపించు, అంతే. ఒక రకంగా అదే నయం.

షూఫా అంటే మన సిబిల్ స్కోరు లాంటిది. కొత్తగా వచ్చినవాళ్లకు అది ఉండదని ఓనర్లకూ తెలుసు. దాని బదులు చూపించాల్సినవి అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా చేసి పెట్టుకోండి. విద్యార్థులైతే అడ్మిషన్ లెటరు, బ్లాక్డ్ అకౌంట్ ధ్రువపత్రం, స్కాలర్‌షిప్ ఉంటే దాని కాగితం. 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు ఉండాలి, అంటే నెలకు 992. ఆ 992లోనే అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ సర్దుకోవాలి కాబట్టి ఓనరు కూడా ఆ అంకె చూసే లెక్క వేస్తాడు. ఉద్యోగస్తులైతే కంపెనీ ఒప్పందం. మొదటి మూడు నెలల జీతం స్లిప్పులు చేతికి వచ్చాక వెతుకులాట చాలా తేలిక అవుతుంది. అందుకే మొదట తాత్కాలికం, తర్వాత అసలు అద్దె ఇల్లు అనే వరస ఉద్యోగస్తులకు ఇంకా బాగా సరిపోతుంది.

పాస్‌పోర్టు కాపీ మాత్రం మొదటి మెసేజ్‌తోనే పంపొద్దు. ఇల్లు చూసి, ఇస్తామన్నాక చూపిస్తే చాలు.

ఎన్ని మెసేజ్‌లు పెట్టినా ఒక్క జవాబు కూడా రావడం లేదు. ఏం చేయాలి?

ఏం రాస్తున్నారో చూడాలి. "డియర్ సర్, ఐ యామ్ ఇంటరెస్టెడ్, ప్లీజ్ రిప్లై" అనే మెసేజ్ ఓనరుకి పొద్దున్నుంచి ఎన్నో వస్తాయి. జర్మన్‌లో రాయండి. మెషీన్ అనువాదమైనా పర్వాలేదు, ఎవరైనా తెలిసినవాళ్లకు ఒకసారి చూపించి పంపండి. మీరెవరు, ఏం చదువుతున్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కావాలి, ఇల్లు చూడటానికి ఎప్పుడు రాగలరు. ఆరేడు వాక్యాలు చాలు.

విద్యార్థులు పంచుకునే ఇంటికి, అంటే వేగేకి, రాసేటప్పుడు ఇంకో రకంగా రాయాలి. అక్కడ నిర్ణయించేది ఓనరు కాదు, ఆ ఇంట్లో ఉండేవాళ్లు. వాళ్ల ప్రకటన పూర్తిగా చదివి అందులోని ఒక విషయం పట్టుకుని రాయండి. "నేను చాలా నెమ్మదస్తుణ్ణి, చదువు తప్ప వేరే ధ్యాస లేదు" అని మన పద్ధతిలో చెప్పుకుంటే పనికిరాదు, గదిలోంచి బయటికి రాని మనిషి వాళ్లకు వద్దు. వంట వచ్చు, ఆదివారం అందరికీ వండుతా అని రాస్తే బాగా పనిచేస్తుంది. రాసినందుకు వండాలి కూడా.

మన పేరు చూసి జవాబివ్వని వాళ్లూ ఉన్నారు. పుట్టిన దేశం, జాతి చూసి వివక్ష చూపకూడదని 2006 నుంచి చట్టం ఉన్నా, రాని జవాబు మీద కేసు వేయలేం కదా. ఇంకో ప్రకటనకి రాయడమే.

మోసం అని ఎలా గుర్తుపట్టాలి?

కథ ఎప్పుడూ ఒకటే. ఇల్లు ఊరి నడిబొడ్డున, ఫొటోలు సినిమా సెట్టింగులా, అద్దె సగం. ఓనరు పని మీద ఇంకో దేశంలో ఉంటాడు. ఇల్లు చూపించలేడు. అడ్వాన్స్ పంపితే తాళం పోస్టులో పంపిస్తాడు, నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తాడు. పేరున్న అద్దె సైట్‌లా కనిపించే లింకు ఒకటి పంపి "డబ్బు వాళ్ల దగ్గరే భద్రం" అంటాడు. నమ్మకం కుదరడానికి ఎవరిదో పాస్‌పోర్టు కాపీ కూడా పంపుతాడు. అది ఇంతకు ముందు మోసపోయిన వాళ్లది.

ఇల్లు చూడకుండా, సంతకం కాకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు. మీరు ఇంకా సోంపేటలోనో బొబ్బిలిలోనో ఉంటే, ఆ ఊళ్లో ముందే ఉన్న సీనియర్‌ని వెళ్లి చూడమనండి. ఎవరూ లేకపోతే లైవ్ వీడియోలో ఇల్లంతా చూపించమని, కిటికీలోంచి వీధి కూడా చూపించమని అడగండి. మోసగాడు అక్కడే తప్పించుకుంటాడు. "ఇంకో ఇద్దరు లైన్లో ఉన్నారు, గంటలో పంపాలి" అంటే ఆ ఇద్దరికే ఇచ్చుకోమనండి.

తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వెతకొచ్చా? మనవాళ్లతోనే ఉంటే మేలా?

వెతకండి, చాలా గదులు అక్కడే చేతులు మారతాయి. కానీ తెలుగు మాట్లాడాడని కాగితం అడగడం మానొద్దు. "మన జిల్లా అబ్బాయే" అన్న ధైర్యంతో అడ్వాన్స్ పంపి, తీరా వెళ్తే ఇద్దరు ఉండాల్సిన ఇంట్లో ఐదుగురు పడుకుని ఉండటం జరిగే పనే. అసలు ఓనరు అనుమతి ఉందా, నమోదు పత్రం మీద ఎవరు సంతకం పెడతారు అని రెండు ముక్కలు అడిగేయండి. మంచివాళ్లయితే ఏమీ అనుకోరు.

మనవాళ్లతో ఉంటే వంటకీ మాటకీ లోటుండదు. జర్మన్ మాత్రం రాదు. ఉద్యోగం వెతికే రోజున ఆ లోటు తెలుస్తుంది. మొదటి ఆరు నెలలు మనవాళ్లతో ఉండి, తర్వాత మారడం నా దృష్టిలో సరైన పద్ధతి.

మా అమ్మాయికి అబ్బాయిలు కూడా ఉన్న ఇంట్లో గది దొరికింది. పంపొచ్చా?

ఈ ప్రశ్న అమ్మలు విడిగా, గొంతు తగ్గించి అడుగుతారు. అక్కడ కలిసి ఉండటం మామూలు విషయం. ఎవరి గది వాళ్లది, ఎవరి తాళం వాళ్లది, వంటగది, బాత్రూమ్ మాత్రం ఉమ్మడి. అయినా ఇష్టం లేకపోతే అమ్మాయిలు మాత్రమే ఉండే ఇళ్లు కూడా ఉన్నాయి, వెతికే సైట్లలో అలా ఎంచుకోవచ్చు. గదులు తక్కువగా ఉంటాయి కాబట్టి ఇంకాస్త సమయం పడుతుంది. నిర్ణయం అమ్మాయికే వదిలేయండి. ఆ ఇంటివాళ్లతో వీడియోలో మాట్లాడేది, అక్కడ ఉండేది తనే.

బ్రోకర్‌కి డబ్బు కట్టాలా?

ఎవరు పెట్టుకుంటే వాళ్లే కట్టాలని 2015 జూన్ నుంచి చట్టం. ఓనరు పెట్టుకున్న బ్రోకర్ మిమ్మల్ని అడిగితే ఇవ్వక్కర్లేదు.

ఊరికి దూరంగా తీసుకుంటే నష్టమా?

విజయనగరం నుంచి విశాఖకి రోజూ రైల్లో వెళ్లి ఉద్యోగం చేసి వచ్చేవాళ్లు మనకు కొత్త కాదు. అక్కడా అంతే. నెలకు 63 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్‌తో (2026 జనవరి నుంచి ఈ ధర) దేశమంతా సిటీ బస్సులు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లు ఎక్కొచ్చు. దూరప్రాంత ఎక్స్‌ప్రెస్ రైళ్లకు అది చెల్లదు. చాలా యూనివర్సిటీలు ఇంకా తక్కువకు సెమిస్టర్ టికెట్ ఇస్తాయి. రైలు స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో ఉంటే నలభై నిమిషాల ప్రయాణం పర్వాలేదు. రాత్రి చివరి రైలు ఎన్నింటికో చూసుకోండి, సాయంత్రం షిఫ్టు పనులకు అదే అడ్డమవుతుంది.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లొచ్చు?

ఆవకాయ, కందిపొడి, చోడిపిండి, వేయించిన పలాస జీడిపప్పు ఇబ్బంది లేదు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు తీసుకెళ్లొద్దు. యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, ఎండబెట్టి పొడి చేసుకోండి. కొబ్బరికాయకి మాత్రం మినహాయింపు ఉంది, ఉద్దానం వాళ్లు సంతోషించొచ్చు. ఎండుచేపలకీ రూల్ అడ్డు రాదు. కానీ పదిమంది వాడే వంటగదిలో వాటిని వేయించిన రోజున ఇల్లు మళ్లీ వెతుక్కోవాల్సి రావచ్చు.

ఇంట్లో ఉండే పద్ధతుల్లో మనవాళ్లు ఎక్కడ ఇబ్బంది పడతారు?

చప్పుడు దగ్గర. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, ఆదివారం రోజంతా నిశ్శబ్దంగా ఉండాలి. ఇడ్లీ పిండి రుబ్బడం శనివారం సాయంత్రమే ముగించండి. ఇండియా టైము అక్కడి వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందుంటుంది కాబట్టి ఇంటికి ఫోన్ చేయడానికి సాయంత్రమే మంచిది. అర్ధరాత్రి స్పీకర్‌లో మాట్లాడితే గోడ మీద దబదబా కొడతారు.

చలికాలంలో కూడా రోజుకి రెండు మూడు సార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. తలుపులన్నీ మూసి అన్నం వండుతూ బట్టలు లోపలే ఆరేస్తే గోడలకు బూజు పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు దానికి మీ అడ్వాన్స్‌లో కోస్తారు. ఇక పడకగదుల్లో పొగ అలారం ప్రతి ఇంట్లో ఉంటుంది. దీపం వెలిగించుకోండి, సాంబ్రాణి మాత్రం కిటికీ దగ్గర. హాస్టల్లో అలారం మోగి ఫైరింజన్ వస్తే బిల్లు మీకు రావచ్చు.

తలుపు సంగతి ముందే చెప్పాలి. బయట పిడి తిప్పితే తెరుచుకోదు, మూసుకుంటే తాళం పడినట్టే. చెత్త పడేసి రావడానికి వెళ్లినా తాళంచెవి జేబులో ఉండాలి. ఆదివారం రాత్రి తాళాలవాణ్ణి పిలిస్తే వందల యూరోలు అడుగుతాడు. తాళంచెవి పోగొట్టుకుంటే మొత్తం బిల్డింగ్ తాళాలు మార్చాల్సి రావచ్చు. ఏడాదికి కొద్ది మొత్తంతో వచ్చే లయబిలిటీ ఇన్సూరెన్స్ (మనవల్ల వేరేవాళ్లకు జరిగే నష్టం కట్టేది) తీసుకోండి, అందులో తాళంచెవి పోవడం కూడా ఉందో లేదో చూసుకుని.

ఉత్తరాలు రావడం లేదు. చిరునామా సరిగ్గానే ఉంది.

పోస్టు డబ్బా మీద మీ పేరు ఉందా? ఫ్లాట్ నంబరు ఉండదు అక్కడ, పేరు చూసే వేస్తారు. లేకపోతే వెనక్కి పంపేస్తారు, పన్ను నంబరు ఉత్తరం అయినా సరే. పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరే రాసి అంటించండి. చేరిన రోజునే.

టీవీ లేదు. అయినా టీవీ, రేడియో బిల్లు వచ్చింది. మోసమా?

కాదు, నిజమైనదే. ఇంటికి నెలకి 18.36 యూరోలు, టీవీ ఉన్నా లేకపోయినా. ఒక ఇంటికి ఒకరు కడితే చాలు, మిగతావాళ్లు పంచుకుంటారు. పక్కన పడేస్తే జరిమానాతో పెరుగుతుంది.

ఓనరు అన్యాయంగా వ్యవహరిస్తే ఎవరికి చెప్పుకోవాలి?

చాలా ఊళ్లలో మీటర్‌ఫెరైన్ అనే అద్దెదారుల సంఘం ఉంటుంది. సభ్యత్వం కడితే లాయర్లు కాగితాలు చూసి చెబుతారు. విద్యార్థులైతే యూనివర్సిటీ విద్యార్థి సంఘంలో ఉచిత న్యాయసలహా ఉందేమో అడగండి, చాలా చోట్ల ఉంటుంది. అంతా రాతపూర్వకంగా, ఈమెయిల్‌లో నడపండి. ఫోన్లో తిట్టుకున్నది ఎక్కడా నిలబడదు.

ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ తిరిగి రావాలంటే?

అది చేరిన రోజునే మొదలవుతుంది. ప్రతి గీత, మరక, పగుళ్లు ఫొటో తీసి, ఓనరు ముందు అప్పగింత పత్రంలో రాయించండి. ఖాళీ చేయాలంటే మామూలు ఒప్పందాల్లో మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, అదీ నెలలో మూడో పనిదినంలోపు, కాగితం మీద సంతకంతో. వాట్సాప్ చెల్లదు. డబ్బు వెంటనే రాదు, లెక్కలు తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే. హీటింగ్ లెక్క కోసం కొంత మొత్తం అంతకన్నా ఎక్కువ కాలం ఆపుకోవచ్చు. దేశమే వదిలి వస్తుంటే చిరునామా రద్దు చేయించుకోండి, బ్యాంకు ఖాతా మాత్రం అడ్వాన్స్ పడేదాకా మూసేయకండి.